పడక ముక్కు

రోజు 6,214

ఈ రోజు నలభై మూడు ముక్కులు. రెండు డ్రమ్ముల ఉప్పునీళ్ళు కాచితే భోజనాల వేళకే అయిపోయాయి. మూడోది కాచే ఓపిక లేక మిగిలినవాళ్ళని రేపు రమ్మన్నాను. నర్సు నాగావళి నా వైపొకసారి చూసి తనే మూడో డ్రమ్ము ఎక్కించింది.

చంద్రుడి మీదకి డాక్టరుగా వెళ్తున్నానంటే ఊళ్ళో నాకు దండలు వేశారు. వచ్చి పదిహేడేళ్ళయింది. చేస్తున్నది ముక్కులు కడగడం. ఇక్కడ ఒళ్ళు ఆరో వంతే తూగుతుంది, నెత్తురేమో తలకెక్కి కూర్చుంటుంది. దానికి తోడు దీపావళి మర్నాటి వీధిలా కంపు కొట్టే ఈ ధూళి. సొరంగవాడలో ముక్కు బిగుసుకోని మనిషి లేడు. పడిశం పది రోగాల పెట్టు అనేది మా అమ్మ. ఆవిడ ఇక్కడికొస్తే లెక్క మర్చిపోయేది.

సొరంగం పొడుగునా రెండు గోడల వెంట పడకలుంటాయి. గోడలు మంచుగడ్డల్లా చల్లన. అందుకని అందరూ తలుపు వైపు తల, గోడకి వీపు పెట్టి, నడవ వైపు తిరిగి పడుకుంటారు. ఎడమ గోడవాళ్ళు కుడి పక్కకి, కుడి గోడవాళ్ళు ఎడమ పక్కకి. ఏళ్ళ తరబడి అలా పడుకుంటే కింది వైపు ముక్కు రంధ్రం బిగుస్తుంది. దానికి పడక ముక్కు అని నేనే పేరు పెట్టాను. ఇప్పుడు ఎవరిది ఏ గోడన్నది ఇంటిపేరు కంటే ముఖ్యమైపోయింది. పెళ్ళి సంబంధాలప్పుడు కూడా పిల్లది ఏ గోడ అని అడుగుతున్నారు. నా బల్ల మీద పడక ముక్కుకో మీట కూడా ఉంది. నొక్కితే పేషెంటు పేరు పక్కన ఆ మాట పడుతుంది. మీట మీది అక్షరాలు అరిగిపోయి చాలా కాలమైంది.

ఆఖర్న కుడిగోడ సింహాచలం వచ్చాడు. వాడలో ఇద్దరు సింహాచలాలున్నారు, ఇతను పడకల మేస్త్రీ. ఎవరికి ఏ పడకో పంచేదీ మార్చేదీ ఇతనే. ఎడమ ముక్కు బొత్తిగా ఆడటంలేదట, వాసన తెలియటంలేదట. కుడి గోడవాడికి ఎడమ ముక్కు బిగుసుకోక మరేం చేస్తుంది? మందు చుక్కలిచ్చి, మీట నొక్కి పంపించాను.

రోజు 6,221

సింహాచలం మళ్ళీ వచ్చాడు. వరస బారుగా ఉంది, నాకు నడుం నొప్పిగా ఉంది. చుక్కలు వారంలో పనిచేయవయ్యా అని విసుక్కున్నాను. అతను వెళ్ళలేదు. తలగడ మీద నెత్తుటి చారలు పడుతున్నాయని చెప్పాడు. ఎడమ కంట్లోంచి ఊరికే నీళ్ళు కారుతున్నాయన్నాడు. నిజంగానే కారుతున్నాయి.

కొన్నాళ్ళు వేరే గోడకి మారి చూడమన్నాను. మేస్త్రీవి నువ్వే కదా, ఎవర్నీ బతిమాలుకోనక్కర్లేదు అని వేళాకోళం కూడా ఆడాను.

"మారినాను కదమ్మా," అన్నాడు. "మేస్త్రీ పడక తలుపు కాడ, ఎడమ గోడకి ఉంటాది. అయిదేళ్ళయింది నాను మారి. పేరే మారనేదు."

నా చెయ్యి మీట మీదే ఉండిపోయింది. ఎడమ గోడవాడికి బిగిస్తే కుడి ముక్కు బిగియాలి. ఇతనికి బిగిసింది ఎడమది. పేరులో కుడిగోడ ఉంది కాబట్టి నేను ఏనాడూ అడగలేదు. ఎద్దు ఈనిందంటే దూడని గాటన కట్టెయ్యమన్నట్టుంది నా వైద్యం.

వరసని ఆపించి, కెమెరా గొట్టం కడిగి లోపలికి పోనిచ్చాను. మామూలు పడిశపు కండ అయితే తొక్క తీసిన ద్రాక్షపండులా నిగనిగలాడుతుంది, తాకితే నెత్తురు రాదు. ఇది బూడిద కలిసిన గులాబీ రంగులో, ముడతలు ముడతలుగా, కూరకి కడిగి పెట్టిన మేక మెదడులా ఉంది. గొట్టం అంచు తగలగానే నెత్తురు చిమ్మింది. ఇలాంటిది పుస్తకంలో చూశాను. చదువుకునేటప్పుడు ఒక్కసారి మనిషిలో చూశాను.

చిన్న ముక్క తీసి సీసాలో వేశాను. ఏంటమ్మా అది అని సింహాచలం అడిగితే, చూసి చెప్తానన్నాను. ఆ తర్వాత వరసలో ఉన్నవాళ్ళని ఎలా చూశానో నాకు గుర్తులేదు.

రోజు 6,224

తీసిన ముక్కని సూక్ష్మదర్శినిలో మూడుసార్లు చూశాను. క్యాన్సర్ కాదు. చాలా అరుదైన కంతి, లక్షలో ఒకరికో ఏమో. ముక్కు లోపలి పొర బయటికి పెరిగే బదులు తనలోకి తాను మడతలు పడుతూ ఎముక వైపు పెరుగుతుంది. మంచి కంతే, కాని మొండిది. కనిపించినదంతా పీకేసినా, వేరు ఒక్క నూలుపోగంత మిగిలితే మళ్ళీ మొలుస్తుంది. అలాగే వదిలేస్తే నూటికి అయిదారుగురిలో చెడిపోయి నిజంగానే ప్రాణం తీస్తుంది.

ఫోటో తీశాను. ఆ స్కాన్‌లో చెంప ఎముక లోపలి గూడంతా కంతితో నిండిపోయి ఉంది. వేరు మాత్రం పైన ఉంది, ముక్కుకీ కంటికీ మధ్య గోడ మీద. ఆ గోడని మేము కాగితపు ఎముక అంటాం, నిజంగా అంత పల్చన. వేరుతో పాటు ఆ ఎముకనీ గీకి తీసెయ్యాలి. గీకుతున్నప్పుడు చెయ్యి అరమిల్లీమీటరు జారితే సింహాచలం ఎడమ కన్ను పోతుంది. జారుతుందేమోనని కొంచెం వదిలేస్తే కంతి తిరిగొచ్చి అదే కన్ను తీసుకుపోతుంది.

కింద భూమి నుంచి వేరే డాక్టరు రావాలంటే పద్నాలుగు నెలలు. అంతవరకూ ఆగదు. ఉన్నది నేనే.

రోజు 6,226

పాత రికార్డు తీశాను. నాలుగేళ్ళలో సింహాచలం ఆరుసార్లు వచ్చాడు. ఆరుసార్లూ పడక ముక్కు. ఒక్కసారి కూడా గొట్టం పెట్టలేదు.

వాడ నిర్వాహకుడు విశ్వేశ్వరం గారికి చెప్పాను. ఆయన మంచివాడే, కాని గొడవలంటే భయం. కంతి కొత్తగా వచ్చిందని రాస్తే సరిపోతుంది కదండీ, జనానికి ఉన్న ఒక్క డాక్టరు మీద నమ్మకం పోతే ఎలా అన్నాడు. నాకూ ఒక పూటంతా ఆ మాట బాగానే అనిపించింది. ఆ సంగతి కూడా ఇక్కడ రాస్తున్నాను.

సాయంత్రం సింహాచలాన్ని కూర్చోబెట్టి కంతి సంగతి, కంటి సంగతి అంతా చెప్పాను. తర్వాత మిగిలినది చెప్పాను.

"ఆరుసార్లు వచ్చావు సింహాచలం. ఆరుసార్లూ లోపల చూడకుండానే మీట నొక్కాను. మొదట్లోనే చూసి ఉంటే వేరు కంటి దాకా పాకేది కాదు. తప్పు నాది."

అతను వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు. "ఆరుసార్లా?" అన్నాడు. "నాను నాలుగే అనుకున్నాను."

లేచి వెళ్ళిపోయాడు. ఆపరేషన్‌కి ఒప్పుకున్నదీ లేనిదీ చెప్పలేదు. తప్పు చేసిన చేతికే కన్ను అప్పగించమంటే ఎవరైనా ఏం చెబుతారు? నేనైతే తిట్టి ఉందును. తిట్టినా బాగుండేది.

రోజు 6,229

మూడు రోజులు అతను రాలేదు. నేను పడక ముక్కు అని మీట నొక్కిన పేర్లన్నీ రికార్డులోంచి బయటికి తీయించాను. మూడువందల పన్నెండు. అందరినీ మళ్ళీ చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. వరసలో నిలబడ్డవాళ్ళకి గొట్టం చూపిస్తే, ఎందుకు డాట్రమ్మా, పడక ముక్కేగా అని నాకే పాఠం చెబుతున్నారు. నేను నేర్పిందే.

మధ్యాహ్నం సింహాచలం వచ్చాడు. చంకలో ఒక పుస్తకం ఉంది. పడకల మార్పిడి పుస్తకం. ఇక్కడ ముక్కు బాగా బిగిస్తే జనం ముందు నా దగ్గరికి కాదు, మేస్త్రీ దగ్గరికి వెళ్తారు. అవతలి గోడకి మారిస్తే నెలా రెండు నెలల్లో ఆ ముక్కు తెరుచుకుని రెండోది బిగుస్తుంది. దాన్నే వాళ్ళు నయమైందంటారు. అయిదేళ్ళలో నూటతొంభై మార్పిడులు. గోడ మారినా ముక్కు మారనివాళ్ళు, మళ్ళీ వచ్చి ఇంకో పడక అడిగినవాళ్ళు నలుగురే. వాళ్ళ పేర్ల పక్కన సింహాచలం పెన్సిల్‌తో ఒక మాట రాసుకున్నాడు. నస.

మూడువందల పన్నెండుమందిలో నేను వెతకాల్సిన మనుషులెవరో ఇన్నేళ్ళుగా ఆ పుస్తకంలోనే ఉంది. నేను ఎప్పుడూ అడగలేదు, అతను ఎప్పుడూ చెప్పలేదు. ఇద్దరం పక్కపక్క గదుల్లోనే పనిచేస్తున్నాం.

అందులో ముగ్గుర్ని అప్పటికప్పుడే పిలిపించి చూశాను. ఒకరికి ముక్కు దూలం వంకర. ఒకరికి మామూలు కండ. ఒకాయనకి చెంప గూట్లో బూజు ఉండ కట్టింది, వచ్చే వారం తీసేస్తాను. కంతి ఎవరికీ లేదు.

నాలుగో పేరు బగ్గు ఎర్రమ్మ.

ఎర్రమ్మ పాదుల గదిలో బీర, పొట్ల పెంచేది. ఏడు నెలల్లో మూడుసార్లు పడక మార్పించుకుంది. నా రికార్డులో ఆమె పేరు పక్కన కూడా రెండుసార్లు పడక ముక్కు ఉంది. తర్వాత కన్ను ముందుకి పొడుచుకొచ్చింది, తలనొప్పితో పడిపోయింది. చనిపోయి రెండేళ్ళు. కారణం మెదడులో కంతి అని నా చేత్తో సంతకం చేశాను.

సింహాచలం ఎదురుగా ఉండగానే ఆమె పాత స్కాన్ ఫోటో బయటికి తీశాను. ఆనాడు మెదడు ఒక్కటే చూశాను. ఈ రోజు కింద చూశాను. ఎడమ చెంప గూడంతా తెల్లగా నిండి ఉంది. కాగితపు ఎముక లేదు. కంతి మెదడులో పుట్టలేదు, ముక్కులోంచి పైకి వెళ్ళింది. ఏడుపొచ్చింది. సింహాచలం చూస్తున్నాడని కూడా ఆపుకోలేదు.

అతను పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

"నస అని రాసింది నానే కదమ్మా," అన్నాడు. "ఎర్రమ్మ మీద మీ సెయ్యి పడనేదు. నా మీద పడనీండి," అన్నాడు.

రోజు 6,231

ఆపరేషన్ గిరగిర గదిలో చెయ్యాలి. ఇక్కడి బరువులో నెత్తురు తొందరగా కారిపోదు, తీసిన చోటే బుడగలా ఉబ్బి నిలబడుతుంది, కింద ఏముందో కనిపించదు. గిరగిర గది తిరుగుతున్నంతసేపూ భూమ్మీది బరువు ఉంటుంది. ఎముకలు గుల్లబారకుండా వాడంతా రోజూ అందులో వంతులవారీగా నడుస్తారు. ఒక పూట మొత్తం ఆ గది కావాలన్నాను.

విశ్వేశ్వరం గారు గోళ్ళు కొరుక్కున్నాడు. నూట ఇరవైమంది వంతు పోతుందన్నాడు. కారణం ఏమని రాయమంటారని అడిగాడు. జరిగింది రాయమన్నాను. నాలుగేళ్ళ పాటు డాక్టరు పొరబడిందని రాసి, నడవ గోడకి అంటించాడు. పాపం, అక్షరాలు చిన్నవిగా రాశాడు.

సాయంత్రానికి వాడంతా చదివింది. జనం ముక్కుగది అని పిలిచే నా వైద్యశాల ముందు వరస రెండింతలైంది.

రోజు 6,236

చేశాను.

గిరగిర గదిలో ఒక చిక్కుంది. తిరుగుతుండగా తల పక్కకి తిప్పితే కడుపులో దేవుతుంది, లోకం తలకిందులవుతుంది. అందుకని మెడకి పట్టీ బిగించుకుని నాలుగున్నర గంటలు తల కదపకుండా తెర మీదే చూపు పెట్టాను. రోజూ వంతులో కాసేపు నడవడమే అలవాటైన కాళ్ళు మొదటి గంటలోనే లాగాయి. చేతులు మాత్రం నిలకడగానే ఉన్నాయి. అవి నా మాట వింటాయని నమ్మకం లేక, ముందు రాత్రి బియ్యపు గింజల మీద గీకి సాధన చేశాను.

ముందు గూట్లో నిండినదంతా ముక్కలు ముక్కలుగా తీశాను. అది సులువే. మూడో గంటలో వేరు కనిపించింది. అనుకున్న చోటే, కాగితపు ఎముక మీద చిటికెనవేలి గోరంత మేర. గీకడం మొదలుపెట్టాను. ఎముక పొరలు పొరలుగా వచ్చింది. చివరి పొర వెనక పసుపుపచ్చగా కంటి కొవ్వు కనిపించింది, దాని మీద తడి కాగితం లాంటి తొడుగు ఒక్కటే అడ్డం.

నేను తల తిప్పలేను. పైనుంచి కన్నుని వేలితో మెల్లగా నొక్కమని నాగావళికి చెప్పాను. ఆమె నొక్కింది. తెర మీద ఆ పసుపు కదిలింది. అంటే ఇక ఒక్క గీకు ఎక్కువైనా కంట్లోకే. వేరు ఇంకా ఆవగింజంత ఉంది, పైమూల ఎముక అంచుకి అంటుకుని.

అక్కడ ఆగాను. వదిలేస్తే కన్ను ఇవాళ్టికి భద్రం. మూడు నెలలకోసారి చూసుకోవచ్చు. నా ఒంట్లోని అలసట అంతా వదిలెయ్యమనే చెప్పింది. ఆరుసార్లు వదిలేసింది కూడా ఆ అలసటే. నాగావళిని కన్ను నొక్కి పట్టుకునే ఉండమన్నాను. తొడుగుని పక్కకి ఒత్తి పెట్టి, ఆ అంచుని ఎముకతో సహా పట్టుకారుతో కొరికి తీశాను. కొవ్వు కదల్లేదు. నెత్తురు ఊరితే వేడినీళ్ళ దూది పెట్టి ఎంతసేపు నిలబడ్డానో తెలియదు.

కంటిపాప చూడమన్నాను. నాగావళి దీపం వేసి చూసి, చిన్నదవుతోందమ్మా అంది. దీపానికి చిన్నదవుతోందంటే కన్ను బతికే ఉంది. గది ఆపమన్నాను. ఆగాక పక్కకి వెళ్ళి వాంతి చేసుకున్నాను.

రోజు 6,238

కట్టు విప్పాను. కన్ను వాచి గీతలా ఉంది. రెప్పలు వేళ్ళతో తెరిచి, ఏం కనిపిస్తోందని అడిగాను.

"ఇద్దరు నాగావళులు," అన్నాడు సింహాచలం. ఒకరు సరిపోరా అంది నాగావళి. సాయంత్రానికి ఒక్కతే అయింది. వేళ్ళు లెక్కపెట్టాడు, నడవ చివరి దీపం గుర్తుపట్టాడు. నేను గదిలోకి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. చాలా కాలం తర్వాత సంతోషమనిపించింది. అలా కూర్చునే నిద్రపోయాను.

రోజు 6,243

తీసిన అంచులన్నీ ఒక్కొక్కటిగా చూడటం ఈ రోజుకి పూర్తయింది. ఎక్కడా కంతి మిగల్లేదు. చెడిన కణం ఒక్కటీ లేదు. ముక్కులో పెట్టిన దూది కూడా తీసేశాను. రెండు ముక్కులతో గాలి పీల్చి అతనే ఆశ్చర్యపోయాడు. మూడు నెలలకోసారి గొట్టం పెట్టించుకోవాలి, అయిదేళ్ళ తర్వాత ఏడాదికోసారి, బతికినన్నాళ్ళూ అని చెప్పాను. సరేనన్నాడు.

లేచి వెళ్తాడనుకున్నాను. వెళ్ళలేదు.

"అయితే ఎర్రమ్మ కంతి కూడా ఇలగే పోయుండునా అమ్మా?"

జవాబు తప్పించుకునే దారులు చాలా ఉన్నాయి. ఆమెది అప్పటికే చెడిపోయి ఉండొచ్చు. వేరు ఇంకెక్కడో ఉండి ఉండొచ్చు. ఇవేవీ అబద్ధాలు కూడా కావు. కాని మొదటి మార్పిడి రోజు నాకు తెలుసు, పుస్తకంలో ఉంది. ఆనాటికి ఆమె కన్ను బాగానే ఉంది.

"పోయుండేది," అన్నాను. "మొదటిసారి వచ్చినప్పుడు చూసి ఉంటే నీకంటే సులువుగా పోయుండేది."

సింహాచలం తల ఊపాడు. ఎర్రమ్మ భర్త జోగినాయుడికి ఈ సంగతి ఎవరైనా చెప్పారా అని అడిగాడు. లేదు, రేపు నేను వెళ్ళి చెప్తానన్నాను.

"ఒక్కరూ ఎల్లొద్దు. సంతకం మీది, పుస్తకం నాది. ఇద్దరం ఎల్దాం."

రోజు 6,244

వెళ్ళాం.

జోగినాయుడు బయటికి వెళ్ళొచ్చినవాళ్ళ సూట్ల ధూళి దులిపే పని చేస్తాడు. ఎర్రమ్మ పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఆమెని ఆఖరి రోజుల్లో నేను బాగా చూసుకున్నానని నాకు ప్రతి ఏడూ పాదుల గది నుంచి రెండు బీరకాయలు తెచ్చిస్తాడు. మమ్మల్ని చూసి స్టూళ్ళు జరిపాడు. మేం కూర్చోలేదు.

నేను చెప్పాను. ఫోటోలో ఏముందో, ఏది చూడకుండా వదిలేశానో, చూసి ఉంటే ఏమయ్యేదో. సింహాచలం పుస్తకం తెరిచి ఆమె పేరూ, పక్కన పెన్సిల్ మాటా చూపించాడు. జోగినాయుడు ఆ మాట మీద వేలు పెట్టి కూడబలుక్కుని చదివాడు. అరుస్తాడనుకున్నాను. కొడతాడేమోనని కూడా అనుకున్నాను, కొడితే నిలబడదామనుకున్నాను.

"మూడో మార్పిడి అయినాక మళ్ళీ మీ కాడికి ఎల్తానంది," అన్నాడు చివరికి. "నానే ఎల్లనివ్వనేదు. ఊరందరికీ ఉన్న ముక్కే నీకూ ఉంది, డాట్రమ్మని ఎన్నిమార్లు ఇసిగిస్తావని కేకలేసినాను. మరి ఎల్లనేదు అది."

సింహాచలం పుస్తకం మూశాడు. జోగినాయుడు మా ఇద్దరికీ దారిచ్చి, మేం బయటికి వచ్చాక తలుపు వేసుకున్నాడు. ఆ తలుపు ముందే కొంతసేపు నిలబడ్డాం. తర్వాత ముక్కుగదికి వచ్చాం. వరసలో పదకొండుమంది ఉన్నారు, నాగావళి గొట్టం కడిగి పెట్టింది. మొదటి మనిషిని కూర్చోబెట్టి, ఏ వైపు బిగుస్తోంది, ఎప్పటి నుంచి, ఈ మధ్య పడక మారావా అని అడిగాను.